ఆట వేరు, ఉచ్చు వేరు

గత ఆదివారం మా ఊరి సాహితీ మిత్రుల సమావేశంలో ఒక పెద్దాయన ప్రసంగించారు. విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, నాకంటె ఆరేళ్ళు పెద్ద, వ్యాకరణంలో దిట్ట. ప్రసంగ విషయం బాలసాహిత్యం. నడుమ ఎందుకో దారి మళ్ళి, "ఈ వీడియో గేములన్నీ ఒకటే జాతి. అన్నీ జూదాలే, అన్నీ హింసే" అన్నారు. సభలో చప్పట్లు మ్రోగాయి. నేను లేచి, "అయ్యా, వాటిలో తమరు ఏదైనా ఆడి చూచారా?" అని అడిగాను. "విషమని చెప్పడానికి త్రాగి చూడాలా మాస్టారూ?" అన్నారాయన. ఈసారి చప్పట్లు మరింత గట్టిగా మ్రోగాయి.

నాకు అక్కడ సమాధానం తట్టలేదు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా తట్టింది. త్రాగనక్కరలేదు, కాని సీసా మీది చీటీ అయినా చదవాలి గదా! గదిలో ఉన్న సీసాలన్నింటినీ వాసన చూడకుండా విషమనేవాణ్ణి వైద్యుడంటామా?

నేను ఆడతాను. అరవై ఆరేళ్ళ తెలుగు పండితుడు తెర ముందు కూర్చుని ఆడుతున్నాడంటే నవ్వేవారు నవ్వవచ్చు. నా ఫిర్యాదు ఒక్కటే. ప్రబంధాలకూ నవలలకూ చలనచిత్రాలకూ మనలో విమర్శకులున్నారు. మంచిదేదో చెడ్డదేదో తగవులాడుకొని తేల్చుకొంటాం. ఈ క్రీడల దగ్గరకు వచ్చేసరికి మనకు రెండే మాటలు. పెద్దలు "నిషేధించండి" అంటారు, పిల్లలు "సూపర్" అంటారు. నడుమ ఉండవలసిన విమర్శ లేదు. అది లేనందువలన ఎవరికి లాభమో ఈ టపాలో చెప్పదలచుకొన్నాను.

ముందు నేను ప్రేమించినవాటి సంగతి.

మా పాఠశాలకు కంప్యూటర్లు వచ్చిన క్రొత్తలో, సాయంకాలం పిల్లలు వెళ్ళిపోయిన తరువాత గణితం మాస్టారు నాకు 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' చూపించారు. అది అప్పటికే పాతది. జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా యువకుడు ఆపిల్ టూ యంత్రం కోసం 1989లో వెలువరించినది. తన తమ్ముణ్ణి పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలను బొమ్మ బొమ్మగా దిద్దుకొన్నాడట. అందుకే ఆ తెల్లబట్టల కుర్రవాడు పరుగెత్తి ఆగబోతే కాలు జారుతుంది, గట్టు అంచు పట్టుకొని వ్రేలాడితే మనకు ఊపిరి బిగుస్తుంది. అరవై నిమిషాలలో రాజకుమారిని విడిపించాలి. కథ ఇంతే, కాశీమజిలీల పాటి కూడా లేదు.

ఐతే నాలుగవ అంతస్తులో దారికి అడ్డంగా ఒక అద్దం వస్తుంది. పరుగున వెళ్ళి దానిలోనుండి దూకాలి. దూకగానే మన నీడ మననుండి విడిపోయి అవతలి వైపుకు పారిపోతుంది. మన ప్రాణబలం ఒక్క బొట్టుకు దిగిపోతుంది. ఆపైన ఆ నీడ మనకు శత్రువు. ఒకచోట మనం త్రాగవలసిన మందు తాను త్రాగేస్తుంది, మరొకచోట మన ముఖం మీదనే తలుపు వేసి పాతాళానికి పడవేస్తుంది. చివరకు పన్నెండవ అంతస్తులో కత్తి దూసి ఎదురు నిలుస్తుంది. దానిని పొడిస్తే దెబ్బ మనకే తగులుతుంది. చంపితే మనమే చస్తాం.

నేను వారం రోజులు చచ్చాను. ఒక సాయంకాలం మా అటెండరు తాళాలగుత్తి పట్టుకొని తలుపు దగ్గర నిలబడి "మాస్టారూ, ఆరున్నరయింది" అని తొందరపెడుతున్నాడు. ఆ కంగారులో నా వేలు క్రింది బాణం గుర్తు మీద పడింది. రాజకుమారుడు కత్తి ఒరలో పెట్టాడు. ఎదుటివాడూ పెట్టాడు. ఇద్దరూ ఒకరివైపు ఒకరు నడిచి ఒక్కడయ్యారు. ఇక ముందున్నది అగాధం. ధైర్యం చేసి అడుగు వేస్తే, లేని నేల కాలి క్రింద మొలుచుకొంటూ వచ్చింది. అటెండరు తాళాల సంగతి మరచి, "ఇద్దరూ ఒకటైపోయారేమిటండీ?" అన్నాడు.

మెక్నర్ వేదాంతం చదివాడని నేను అనను. అలా అనేవాళ్ళంటే నాకు పడదు, ప్రతి విదేశీ వస్తువులోనూ మన ఉపనిషత్తు వెదికే జబ్బు మనవాళ్ళకు బాగా ఉంది. నేను అనేది ఇది: నీ నీడతో యుద్ధం చేయకు అని ఎవరైనా చెబితే విని తల ఊపుతాం. ఇక్కడ ఎవరూ చెప్పలేదు. వారం రోజులు పొడిచి పొడిచి, నా చేతితో నేను కత్తి దించితే తెలిసింది. ఈ విధమైన బోధ శ్రవ్యకావ్యంలో లేదు, దృశ్యకావ్యంలోనూ లేదు. ఇది మూడవది, చేసి తెలుసుకొనేది. దీనికి మన లాక్షణికులు పేరు పెట్టలేదు, ఎందుకంటే వారి కాలంలో ఇది లేదు. పేరు లేని వస్తువును చూచి జూదమని పిలవడం పండితులకు తగదు.

'టెట్రిస్' గురించి ఎక్కువ చెప్పను. 1984లో మాస్కోలో సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటరు కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ కూర్చినది. ఆ యంత్రానికి బొమ్మలు గీసే శక్తి లేకపోతే బ్రాకెట్లతోనే చతురస్రాలు చేశాడు. ఏడు ఆకారాలు, ప్రతిదానిలో నాలుగు గళ్ళు. గణాలు పేర్చి పాదం నింపడం అలవాటైనవాడికి ఇది చేయి తిరిగిన విద్యే. 2023 డిసెంబరులో పదమూడేళ్ళ అమెరికా బాలుడొకడు పాత నింటెండో టెట్రిస్‌ను యంత్రమే నిలిచిపోయేదాకా ఆడాడు. దానిని వ్యర్థమనేవారు అష్టావధానాన్ని కూడా వ్యర్థమనాలి. అంటే ఒప్పుకొంటాను, కాని రెంటినీ అనాలి.

హింస మాట. మా పెద్దాయన రెండవ అభియోగం ఇది. నిజమే, చంపడం తప్ప మరేమీ తెలియని ఆటలు వందలున్నాయి. వాటిలో కొన్ని ఆడి విసిగి వదిలేశాను. విసుగే వాటికి తగిన విమర్శ. కాని 'షాడో ఆఫ్ ది కొలోసస్' అని ఒకటుంది. ఫుమితో ఉఎదా అనే జపాను దేశస్థుని నిర్మాణం, 2005 నాటిది. 2018లో వచ్చిన కొత్త కూర్పును మా అబ్బాయి ఇంట్లో ఆడాను. ఒక యువకుడు చనిపోయిన కన్యను గుర్రం మీద తెచ్చి నిషిద్ధభూమిలోని గుడిలో పడుకోబెడతాడు. పదహారు మహాకాయాలను చంపితే ఆమె లేస్తుందని ఒక గొంతు చెబుతుంది. ఊరు లేదు, మనిషి లేడు, సంపాదించవలసిన సొమ్ము లేదు. గుర్రం, గడ్డి, గాలి, ఆ మహాకాయాలు.

వాటిలో కొన్ని మన జోలికే రావు. అయిదవది చెరువు మీద రెక్కలు చాచుకొని తిరిగే పక్షి. మనం బాణం వేసేదాకా అది మనవైపు రాదు. పదమూడవది ఇసుక మీద ఆకాశంలో ఈదులాడే పొడవాటి జంతువు, అది చివరిదాకా మనల్ని ఏమీ చేయదు. దానిని వెంటాడి, ఒంటిమీది కెక్కి, పొడవాలి. కూలిపోయేటప్పుడు విజయభేరి మ్రోగదు, ఏడుపు వంటి సంగీతం వస్తుంది. ఒక్కొక్క చావుతో ఆ యువకుడి ముఖం నల్లబడుతూ పోతుంది.

క్రౌంచవధ చూచి వాల్మీకికి కలిగిన శోకం శ్లోకమైందని ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను. ఎప్పుడూ ఋషి ప్రక్కన నిలబడే చెప్పాను. ఈ ఆటలో నేను బోయవాణ్ణి. బాణం నా చేతిలో ఉంది. పదమూడవది కూలినప్పుడు నేను ఆట ఆపి బయట వరండాలో కాసేపు కూర్చున్నాను. కోడలు కాఫీ తెచ్చి "ఒంట్లో బాగాలేదా మామయ్యగారూ?" అని అడిగింది. ఏమి చెప్పను? హింసను ఇంతకంటె గట్టిగా నిందించిన రచన నేను చదివినవాటిలో బహు కొద్ది. దీనినీ ఆ తుపాకుల ఆటలనూ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఇంకొకటి, నన్ను నిజంగా గాయపరచినది. 'పేపర్స్, ప్లీజ్', 2013లో లూకాస్ పోప్ ఒక్కడే చేసినది. ఒక కల్పిత నిరంకుశ దేశంలో మనం సరిహద్దు గుమాస్తాలం. వచ్చేవారి కాగితాలు చూచి ముద్ర వేయాలి, లేదా త్రిప్పి పంపాలి. తప్పు చేస్తే జీతంలో కోత. సాయంకాలం ఆ జీతంతోనే ఇంట్లోవారికి తిండి, చలికి వెచ్చదనం, మందు. ఒకరోజు ఒక భర్త వస్తాడు, అతని కాగితాలు సరిగ్గా ఉంటాయి. వెనుక మా ఆవిడ వస్తున్నది, దయతో చూడండి అంటాడు. ఆమె దగ్గర ప్రవేశపత్రం లేదు.

నేను త్రిప్పి పంపాను. నిబంధన అది. పంపిన తరువాత నాకు గుర్తుకు వచ్చింది, చాలా ఏళ్ళ క్రిందట పదవ తరగతి పరీక్షల్లో గేటు దగ్గర నా విధి పడింది. బస్సు తప్పి పరుగెత్తుకొని వచ్చిన ఒక పిల్లను సమయం మించిందని నేనే త్రిప్పి పంపాను. అప్పుడూ నిబంధన అదే. ఆ పిల్ల ఏడవలేదు, నా వంక చూచి వెనక్కి తిరిగింది. ఇన్నేళ్ళుగా నిద్రపోతున్న ఆ చూపును ముద్రల ఆట ఒకటి లేపింది. మా పెద్దాయనకు ఈ సంగతి సభలో చెప్పలేకపోయాను.

మనవాళ్ళ ఆటల సంగతీ చెప్పాలి, లేకపోతే పరాయివాటినే పొగిడానంటారు. 2009లో మన హైదరాబాదు సంస్థ ఒకటి సోనీ ప్లేస్టేషన్ టూ కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట చేసింది. దేవుణ్ణి మీట నొక్కి ఆడించడం అపచారమని అమెరికాలోని కొందరు హిందూ ప్రముఖులు అభ్యంతరం చెప్పారు. వారు మన తోలుబొమ్మలాట చూడలేదనుకొంటాను. నిమ్మలకుంట కళాకారులు హనుమంతుణ్ణి మేకతోలుతో చేసి, పుల్ల కట్టి, తెర మీద గంతులు వేయిస్తారు. అది అపచారమని మన పల్లెల్లో ఏ ముసలమ్మా అనలేదు, దండం పెట్టింది. ఆ ఆటలో దోషం మీట కాదు. పస లేకపోవడం దోషం. సముద్రాన్ని దాటినవాణ్ణి ఇచ్చి గట్టు నుండి గట్టుకు గెంతమంటే ఎవరికి ఉత్సాహం? తరువాత 2020లో పూనే నుండి వచ్చిన 'రాజీ' చాలా నయం. తమ్ముణ్ణి రాక్షసులు ఎత్తుకొనిపోతే వెదుక్కొంటూ వెళ్ళే అక్క కథ, గోడల మీది చిత్రాలతో పురాణం చెప్పే పద్ధతి కంటికి ఇంపుగా ఉంది. కాని కథ ఊపందుకొన్నదనుకొనేసరికి అయిపోయింది. మనవాళ్ళు చేశారు గనుక మెచ్చుకోవాలనే వాదం నేను ఒప్పను.

'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండవ భాగం నాకు ఇష్టమైన కాలక్షేపం. 1999 నాటి ఆటకు 2022లో ద్రావిడులను చేర్చారు. రాజేంద్రచోళుని దండయాత్ర ఉంది. కాకతీయులు విడిగా లేరు, అది నాకు కష్టంగానే ఉంది. ద్రావిడులకు గుర్రపు బలం బలహీనమట! గుర్రాల కోసం ఓరుగల్లు, విజయనగరం ప్రభువులు వెచ్చించిన బంగారం సంగతి వారికి ఎవరు చెప్పాలి? కాని ఒకటి క్షమించాను. ద్రావిడులకు 'ఊట్జ్' ఉక్కు అనే విద్య ఇచ్చారు, దానితో వారి కత్తికి శత్రువు కవచం అడ్డురాదు. ఆ 'ఊట్జ్' ఏమిటనుకొన్నారు? మన 'ఉక్కు' మాటే పాశ్చాత్యుల నోట పడి అలా నలిగింది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఆ ఉక్కు కరగించి అమ్మేవారు, పారసీక వర్తకులు అక్కడికి వచ్చి కొనేవారు. మా మనుమడు ఆడుతుంటే ప్రక్కన కూర్చుని ఈ మాట చెప్పాను. వాడు ఆట ఆపి భారతపటంలో కోనసముద్రం వెదికాడు. నా తరగతిలో ఏ పిల్లవాడూ ఏ పాఠానికీ అలా లేవలేదు.

ఇక అసలు తగవుకు వస్తాను.

జూదం లేదని నేను అనడం లేదు. ఉంది. మా పెద్దాయన చూపిన చోట లేదు, అంతే. సెల్‌ఫోనులో ఉచితంగా దొరికే ఆటల్లో ఉంది. 2012లో వచ్చిన 'క్యాండీ క్రష్ సాగా' పద్ధతి చూడండి. అయిదు ప్రాణాలు ఇస్తారు. ఒక్కొక్కటి పోతే తిరిగి రావడానికి అరగంట. ఓపిక ఉంటే కూర్చో, లేకపోతే డబ్బు కట్టు. ఆటలోని రుచిని అమ్మడం కాదు ఇది, ఆటకు అడ్డంగా గోడ కట్టి ఆ గోడలోని తలుపును అమ్మడం. 2020లో వచ్చిన 'గెన్షిన్ ఇంపాక్ట్' ఇంకా పైమెట్టు. చూడముచ్చటైన ప్రపంచం, కాదనను. కాని కోరుకొన్న పాత్ర కావాలంటే చీటీ తీయాలి. ఉత్తమశ్రేణి చీటీ వచ్చే అవకాశం ఒక్కొక్క సారికి నూటికి 0.6. తొంభై సార్లలోపు తప్పక ఒకటి వస్తుందని ఊరట. ఎనభై తీసినవాడు ఆగుతాడా? ఆ తొంభై అనే అంకె ఊరట కోసం పెట్టినది కాదు, ఆగకుండా ఉండడం కోసం పెట్టినది. 2017లో 'స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్' రెండవ భాగంలో ఇటువంటి పెట్టెలు పెడితే ఆటగాళ్ళే తిరగబడ్డారు, 2018లో బెల్జియం ఇటువంటి పెట్టెలను జూదమని తేల్చింది. తిరగబడింది నిషేధవాదులు కాదని గమనించండి. ఆడేవాళ్ళు. వారికి తేడా తెలుసు.

మన దగ్గర జరిగినది వేరు. పేకాటలో రమ్మీ నైపుణ్యక్రీడ అని, సికింద్రాబాదు క్లబ్బు ఒకదానిపై వచ్చిన ఆంధ్రప్రదేశ్ కేసులో 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని ఆడుకొనే రమ్మీ గురించి చెప్పిన మాట అది. ఆ మాటను గొడుగుగా పట్టుకొని సెల్‌ఫోను రమ్మీ ఇంటింటికీ వచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు, డబ్బు గెలుస్తామనే ఆశతో డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నైపుణ్యమా అదృష్టమా అనే భేదం చూడకుండా నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే.

నాకు అది ఆలస్యంగా వచ్చిన మంచి. నా దగ్గర చదివిన విద్యార్థి ఒకడున్నాడు. సీసపద్యం గణవిభజన నల్లబల్ల మీద తడబడకుండా చేసేవాడు. కొన్నేళ్ళ క్రిందట ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి నలభై వేలు అప్పు అడిగాడు. "మాస్టారూ, ఈ ఒక్కసారి. ఆటలో నా లెక్క తప్పదు, మీకు తెలుసుగా" అన్నాడు. అప్పటికే ఇంటిస్థలం అమ్మిన సొమ్ము పోయిందని నాకు తెలియదు. తెలివైనవాడు గదా అని ఇచ్చాను. ఆ తెలివి మీదనే వల వేశారని, నైపుణ్యమనే మాటే ఎర అని నాకు అప్పుడు తోచలేదు. తరువాత వాడి భార్య ఫోను చేసి, "మీరైనా ఇవ్వకుండా ఉండవలసింది మాస్టారూ" అన్నది. ఆ మాటకు నేటికీ నా దగ్గర జవాబు లేదు.

అందుచేత జూదాన్ని నేను తేలికగా తీసుకొంటున్నానని ఎవరూ అనుకోకండి. నా కోపం దీని మీద: అన్నీ జూదాలే అని సభల్లో మనం చప్పట్లు కొట్టినంత కాలం, అసలు జూదగాడు ఆ గుంపులో దాక్కొంటాడు. తండ్రి కొడుకు చేతిలోనుండి 'టెట్రిస్' లాక్కొంటాడు. తాను మాత్రం రాత్రి భోజనం తరువాత ఫోనులో చక్రం త్రిప్పి "ఉచిత నాణేలు" తీసుకొంటాడు. అది గేము కాదట, కాలక్షేపమట! చట్టం గెలుపు సొమ్మును చూస్తుంది. గెలుపే లేకుండా, బొమ్మల కోసం, ప్రాణాల కోసం, చీటీల కోసం పిల్లలు తల్లి ఫోనులోనుండి కట్టే సొమ్ముకు కాపలా ఎవరు? ఏది వరుస పేర్చే ఆట, ఏది సంచి విప్పించే ఆట అని పిల్లవాడికి విడదీసి చెప్పగలిగిన పెద్దవాడు ఇంట్లో ఉండాలి. ఆడనివాడు చెప్పలేడు.

వ్యసనం మాటకూ ఒప్పుకొంటాను. ప్రపంచ ఆరోగ్యసంస్థ తన వ్యాధుల పట్టికలో క్రీడావ్యసనాన్ని చేర్చింది, 2022 జనవరి నుండి అది అమలులో ఉంది. నిద్రాహారాలు మాని ఆడే పిల్లలను నేనూ చూచాను. కాని ఆ పట్టిక కూడా ఆడేవారందరినీ రోగులనలేదు. అదుపు తప్పి, బ్రతుకు పాడై, అది సాధారణంగా ఏడాదిపాటు కొనసాగితేనే వ్యాధి అన్నది. వైద్యులు చూపిన ఆ మాత్రం వివేకం వైయాకరణులు చూపలేరా?

వచ్చే నెల సమావేశం మా ఇంట్లోనే. పెద్దాయన వస్తానన్నారు. పాత కంప్యూటరు దుమ్ము దులిపి ఉంచాను, రాజకుమారుడు అందులోనే ఉన్నాడు. మొదటి మూడు అంతస్తులు నేను దాటించి ఇస్తాను. అద్దం దగ్గర కుర్చీ ఆయనది.